మనోవ్యాధియు మనోవైద్యమును

శరీరమునకు జ్వరము వచ్చినచో ఎవరును సిగ్గుపడరు. ఇంటివారు నుదుట చేయి వేసి చూతురు. ఇరుగుపొరుగువారు కషాయము చెప్పుదురు. రెండవనాటికి తగ్గనిచో వైద్యుని పిలుతురు. మనస్సునకు జ్వరము వచ్చినపుడు మాత్రము ఈ క్రమము తలక్రిందులగును. మొదట దానిని దాతురు. పిదప రోగినే నిందింతురు. ఆపైన దిష్టి తగిలినదనియు, గాలి సోకినదనియు తాయెత్తులకై తిరుగుదురు. అన్నియు విఫలమైన పిమ్మట, నెలలకో సంవత్సరములకో, వైద్యుని గుమ్మము త్రొక్కుదురు. వ్యాధికంటె ఈ ఆలస్యమే పెక్కు కుటుంబములను కూల్చుచున్నది. మనస్సును పరిశోధించుటయే పరమవిద్య యని వేల యేండ్లుగా చెప్పుకొనుచున్న జాతికి ఇది తగిన స్థితి కాదు.

మనస్సు స్వస్థత ఎట్లు చెడును, చెడినదానిని వైద్యశాస్త్రము ఎట్లు సరిచేయుచున్నది, అందు కుటుంబమునకును సాధకునకును గల కర్తవ్యమేమి అను మూడు విషయములను ఒక నగరమును ఆధారముగా గొని విచారింతము. ఆ నగరము జంషెడ్‌పూర్.

1. ఉక్కునగరము

నేటి ఝార్ఖండ్ రాష్ట్రమున సువర్ణరేఖా, ఖర్కాయీ నదులు కలియు తావున ఈ నగరము వెలసినది. 1907లో టాటా ఇనుము ఉక్కు సంస్థ యేర్పడెను. సాక్చీ యను పల్లె చెంత కర్మాగారము లేచెను. 1912 ఫిబ్రవరి 16వ తేదీన మొదటి ఉక్కుదిమ్మె వెలువడెను. ఈ కార్యమును సంకల్పించిన జంషెడ్జీ టాటా పేర 1919లో ఊరికి జంషెడ్‌పూర్ అని నామకరణము జరిగెను. శ్రీకాకుళము, విశాఖపట్టణము, గంజాము ప్రాంతములనుండి తెలుగువారు పొట్ట చేతబట్టుకొని రైలెక్కి అచ్చటికి చేరిరి. బిష్టుపూర్‌లో రామమందిరము కట్టుకొనిరి. కద్మాలో ఆంధ్ర సంఘమును నెలకొల్పుకొనిరి. నేడు వారి మనుమలు, మునిమనుమలు వీధిలో హిందీయు, ఇంటిలో తెలుగును మాటలాడుచు బ్రతుకుచున్నారు.

ఉక్కు కొలిమికి రాత్రియు పగలును లేదు. దానిని చల్లారనిచ్చిన గొప్ప నష్టము. కావున మనుష్యులే వంతులు మార్చుకొందురు: ఉదయము 6 గంటలకు ఒక షిఫ్టు, మధ్యాహ్నము 2 గంటలకు మరియొకటి, రాత్రి 10 గంటలకు మూడవది. ఇంకను చట్టము నిర్బంధింపని కాలముననే, 1912లోనే, ఈ కర్మాగారమున ఎనిమిది గంటల పనిదినము అమలునకు వచ్చెను. మనుష్యుడు యంత్రము కాడనియు, వానికి విశ్రాంతి కావలెననియు గుర్తించిన ఆ నిర్ణయము మనోవైద్య దృష్టితో చూచినను విలువైనదే. కాని గంటలు తగ్గినంతమాత్రమున రాత్రి పగలు కాదు. వారము వారము షిఫ్టు మారువాని దేహములో ఏమి జరుగునో తెలిసికొన్నచో మనస్సునకును దేహమునకును గల సంబంధము చాలవరకు బోధపడును.

మెదడులో, కంటి నరములు కలిసికొను చోటికి పైభాగమున, ఆవగింజకంటె చిన్నదియగు ఒక కణసముదాయము కలదు. అది దేహమునకు గడియారము వంటిది. వెలుతురు కంటిని తాకుటను బట్టి అది నిద్రను, ఆకలిని, ఒంటి వేడిని, అనేక గ్రంథుల స్రావములను ఇరువదినాలుగు గంటల చక్రములో నడుపును. ఒక్కొక్క కణములోను ఈ గడియార మెట్లు తిరుగునో కనుగొన్నందులకు హాల్, రాస్బాష్, యంగ్ అను ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2017లో నోబెల్ బహుమానము లభించెను. రాత్రి కొలిమి యెదుట నిలిచి, పగలు కిటికీలు మూసికొని పండుకొనువానిలో ఈ గడియారము ఒక దిక్కునకును, జీవితము మరియొక దిక్కునకును లాగుచుండును. అందరికిని దీనివలన వ్యాధి రాదు. కాని విషాదరోగమునకు స్వభావముచేత లోబడువానిలో దీర్ఘకాలపు నిద్రలేమి దానిని మేల్కొల్పగలదు. ఉత్సాహమును విషాదమును ఒకదాని వెంట నొకటి ఉప్పొంగెడు బైపోలార్ వ్యాధి గలవానికి కొన్ని రాత్రుల జాగరణమే ఉన్మాదావస్థను తేగలదు.

ఇట్టి యింటిని ఒకదానిని ఊహింతము. ఇరువదియేండ్లు పని తప్పనివాడొకడు రెండు నెలలనుండి అన్నము తినడు, తెల్లవారుజామున మూడు గంటలకే మేలుకొని గోడవంక చూచుచుండును. తల్లి, "ఏమైందిరా నాయనా?" అని అడుగును. "ఏమీ లేదమ్మా" యనును. భార్య ఆఫీసరుతో తగవేమో యనుకొనును. పెద్దలు, "మగవాడవు, ధైర్యము తెచ్చుకో" యందురు. ఎవరి మాటలోను దుర్బుద్ధి లేదు. అయినను ఆ మాటలలో నొకటైనను విరిగిన కాలిగలవానితో "లేచి పరుగెత్తు" మనుటకంటె మేలైనది కాదు. ధైర్యము పుట్టవలసిన తావే రోగగ్రస్తమైనపుడు ధైర్యము తెచ్చుకొనుట యెట్లు?

2. నింద యెవరిపైన?

కారణము తెలియని బాధ కారకుని వెదకును. కొన్ని యిండ్లలో రోగినే కారకునిగా చేయుదురు. మరికొన్ని తావులలో వేరొకరిపై, సాధారణముగా దిక్కులేని స్త్రీపై, ఆ నింద పడును. జంషెడ్‌పూర్ చుట్టుప్రక్కల పల్లెలలో ఎవరికైనను జబ్బు చేసినను, పశువు చచ్చినను, ఒక స్త్రీని "డాయన్", అనగా మంత్రగత్తె, యని ముద్రవేసి హింసించు దురాచారము చిరకాలముగా నున్నది. దీనిని అరికట్టుటకై జంషెడ్‌పూర్‌లోని ఉచిత న్యాయసహాయ సంఘము ఉద్యమించెను. ఝార్ఖండ్ ఇంకను బీహారులో భాగముగా నున్నపుడు, 1999లో, డాయన్ ఆచార నిరోధక చట్టము వచ్చెను. 2000 నవంబరు 15వ తేదీన ఏర్పడిన క్రొత్త రాష్ట్రము దానిని స్వీకరించెను. నగరమునకు సమీపమునగల సరాయికేలా-ఖర్సావా జిల్లాకు చెందిన ఛుట్నీ మహతో 1995లో ఈ నిందకే గురియై హింసింపబడి, ఇల్లు విడువవలసివచ్చెను. ఆమె పిదప తనవంటి స్త్రీలను కాపాడుటయే జీవితకార్యముగా గైకొనెను. 2021లో భారతప్రభుత్వ మామెకు పద్మశ్రీ నిచ్చి గౌరవించెను.

ఈ చరిత్రకును మనోవైద్యమునకును సంబంధ మేమనరాదు. పొరుగింటి మూర్ఛరోగము, ఒక యువకుని మతిభ్రమ, బాలింత యొక్క ప్రసవానంతర ఉన్మాదము వ్యాధులుగా గుర్తింపబడనంతకాలము అవి "ఎవరో చేసిన పని"గానే కనబడును. వైద్యజ్ఞానము లేని చోట ఒక్క రోగి మాత్రమే నష్టపడడు. నిరపరాధి యొకతె కూడ బలియగును.

ఈ విషయమున మన ప్రాచీనులు నేటివారికంటె వెనుకబడి యుండలేదు. చరకసంహిత నిదానస్థానమున ఉన్మాదమును చర్చించుచు, వ్యాధికి దేవతలను గాని పితరులను గాని రాక్షసులను గాని నిందింపరాదనియు, దాని మూలమును మనుష్యుని జీవితమునందే వెదకవలెననియు చెప్పినది. అయితే, ఇందువలన రోగియే దోషి యని యర్థము చేసికొనరాదు. వంశానుగతమైన స్వభావము, మెదడులోని మార్పులు, బాల్యమున తగిలిన దెబ్బలు, దారిద్ర్యము, మద్యము, ఒంటరితనము, ఇవన్నియు కలిసి వ్యాధిని పుట్టించునని నేటి శాస్త్రము తెలుపుచున్నది. కారణమును తెలిసికొనుట వేరు, నిందించుట వేరు. మొదటిది వైద్యమునకు దారి. రెండవది దానికి అడ్డు.

3. రాంచీ చెప్పు చరిత్ర

జంషెడ్‌పూర్‌నుండి సుమారు 130 కిలోమీటర్ల దూరమున, రాంచీ చెంత కాంకే యను తావున్నది. భారతదేశపు మనోవైద్య చరిత్రలో ఒక ముఖ్యాధ్యాయ మచ్చటనే నడిచెను. 1918 మే 17వ తేదీన ఐరోపావారికై అచ్చట ఒక ఆశ్రయము తెరువబడెను. ఆ కాలపు భాషలో దాని పేరు "పిచ్చివారి ఆశ్రయము". 1919లో అధికారిగా వచ్చిన ఓవెన్ బర్క్‌లీ-హిల్ ఆ పేరును సహింపలేదు. ఆయన పట్టుదలచే 1922లో అది "మానసిక వైద్యశాల" యయ్యెను. పేరుతో పాటు పనియు మారెను. రోగులను కూర్చుండబెట్టి కాపలా కాయుటకు బదులు చేతిపనులద్వారా చికిత్స చేయు విభాగ మాయేడే యేర్పడెను. ఆ సంస్థయే నేటి కేంద్రీయ మనోవైద్య సంస్థ. 1925లో భారతీయులకై ప్రత్యేకముగా మరియొక వైద్యశాల కాంకేలోనే నెలకొనెను. దాని మొదటి అధికారి ధన్‌జీభాయి. ఒకే వ్యాధికి రంగును బట్టి రెండు గుమ్మము లుండుట ఆనాటి పాలనకు మాయని మచ్చ.

1952లో కవి కాజీ నజ్రుల్ ఇస్లామును రాంచీకే చికిత్సకై తెచ్చిరి. 1942లోనే ఆయన వాక్కును, స్మృతిని కోల్పోయియుండెను. వంగదేశమును తన పాటలతో కదలించిన మనుష్యుడు ఆప్తులనుకూడ గుర్తింపజాలకుండెను. 1953లో వియన్నా వైద్యులు పరీక్షించి, మెదడులోని కొన్ని భాగములు క్షీణించెడు వ్యాధి యని నిర్ణయించిరి. అప్పటికి దానికి చికిత్స లేదు. ఆయన 1976 వరకు మౌనముగానే జీవించెను. అంతటి ప్రతిభకును, అంతటి సంకల్పబలమునకును మెదడు అనెడు పనిముట్టు అవసరమే యని ఈ విషాదగాథ తెలుపుచున్నది. వీణ తీగ తెగినపుడు వైణికుని తప్పుపట్టము.

4. మందు

ఇరువదవ శతాబ్దపు మధ్యభాగము మనోవైద్యమునకు మలుపు. 1931లోనే కలకత్తా వైద్యులు గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ సర్పగంధి వేరు ఉన్మాదమునందును, రక్తపుపోటునందును ఉపకరించునని ప్రకటించియుండిరి. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ లిథియము లవణము ఉన్మాదావస్థను శాంతింపజేయునని కనుగొనెను. 1952లో పారిస్ నగరమున డిలే, డెనికర్ అను వైద్యులు క్లోర్‌ప్రొమజైన్ అను మందుతో తీవ్రోన్మాదము తగ్గుట చూపిరి. కొలదియేండ్లలోనే విషాదరోగమునకును మందులు వచ్చెను. సంకెలలలో జీవితము గడుపవలసిన వేలమంది ఇంటికి తిరిగి రాగలిగిరి.

మందులను గూర్చి మూడు సంగతులు ప్రతి కుటుంబమును ఎరుగవలెను. మొదటిది: విషాదరోగమునకిచ్చు మందు మరునాడే పనిచేయదు. గుణము కనబడుటకు సాధారణముగా రెండుమొదలు ఆరు వారములు పట్టును. ఐదవనాడు "లాభము లేదు" అని పారవేయుట తరచుగా జరుగు పొరపాటు. రెండవది: గుణము కనబడగానే వైద్యుని అడుగక ఆపరాదు. ఆపినచో వ్యాధి మరలివచ్చు ప్రమాద మధికము. మూడవది: "మానసిక మందు లన్నియు మత్తుమందులే" యనుట అసత్యము. కొన్ని నిద్రమాత్రలు మాత్రము అలవాటుగా మారవచ్చును. వానిని వైద్యుడు కొలదికాలమే యిచ్చును. అన్ని మందులకును వలెనే వీనికిని దుష్ఫలితములు కలవు. వానిని దాచక వైద్యునితో చెప్పినచో మోతాదును గాని మందును గాని మార్చుటకు వీలగును.

5. మాట

మందు చేరలేని చోటికి మాట చేరును. మాటద్వారా జరుగు చికిత్సకు మనశ్చికిత్స యని పేరు. ఈ విద్యను మనదేశమున నాటినవారిలో ప్రథముడు గిరీంద్రశేఖర్ బోస్. ఆయన 1922లో కలకత్తాలో భారతీయ మనోవిశ్లేషణ సంఘమును స్థాపించెను. రాంచీలోని బర్క్‌లీ-హిల్ కూడ దాని మొదటి సభ్యులలో నొకడు. ఫ్రాయిడుతో ఉత్తరప్రత్యుత్తరములు నడుపుచునే బోస్ ఆయనతో నిర్భయముగా భేదించెను. మనస్సులో ప్రతి కోరికకును దాని విరుద్ధమైన కోరిక జంటగా నుండుననియు, వాని సంఘర్షణనుండియే మనోవికారములు పుట్టుననియు ఆయన సిద్ధాంతము. 1933లో కలకత్తాలోని ఒక సాధారణ వైద్యశాలలో ఆయన మనోరోగుల విభాగమును తెరచెను. మనోరోగి కూడ జ్వరరోగి కూర్చుండు వరండాలోనే కూర్చుండవచ్చునని దేశమునకు చూపిన మొదటి మెట్టు అది.

తరువాతి కాలమున అమెరికాలో ఆరన్ బెక్ 1960 ప్రాంతమున మరియొక మార్గమును చూపెను. విషాదరోగి మనస్సులో కొన్ని తలంపులు తమంతట తామే లేచుచుండును: "నావలన ఏమియు కాదు", "నేనందరికి భారము", "ఇక మంచి జరుగదు". రోగి వానిని తలంపులుగా గుర్తింపడు, సత్యములుగా నమ్మును. చికిత్సకుడు అతనితో కలిసి వానిని విచారణకు పెట్టును: ఇందులకు సాక్ష్యమేది? ప్రతిసాక్ష్యమేది? మిత్రుడొకడు ఇట్లే పలికినచో అతనితో నీవేమందువు? ఈ విచారణము వారమున కొకసారి చొప్పున కొన్ని నెలలు సాగును. ఇది సానుభూతి పలుకుట కాదు, ఉపదేశము చేయుట కాదు. రోగి తన మనస్సునకు తానే సాక్షియగుట నేర్చుకొను అభ్యాసము. ఈ అభ్యాసము వేదాంతమెరిగిన పాఠకునకు క్రొత్తదిగా తోచదు.

ఇచ్చట భాష యొక్క ప్రాముఖ్యమును గమనింపవలెను. బాధ మాతృభాషలోనే పూర్తిగా పలుకును. "గుండె దడ", "మనసు బాగులేదు", "ఒళ్లంతా మంట" అను మాటలలో తెలుగువాడు తెలుపునది పరభాషలో సగమే తెలియును. ఉద్యోగమంతయు హిందీలో సాగించు జంషెడ్‌పూర్ తెలుగువాడు తన దుఃఖమును అమ్మ మాటలో చెప్పుకొనజాలినచో చికిత్స సగము సులభమగును. 2022 అక్టోబరు 10వ తేదీన భారతప్రభుత్వము ప్రారంభించిన టెలి-మానస్ అను దూరవాణి సేవలో 14416 అను సంఖ్యకు ఉచితముగా మాటలాడవచ్చును. తెలుగుతోసహా అనేక భారతీయభాషలలో సలహా లభించును.

6. వైరాగ్యమా, విషాదమా?

ఆధ్యాత్మిక గ్రంథములు చదువు ఇండ్లలో ఒక ప్రత్యేకమైన ప్రమాదము కలదు. కుమారుడు మిత్రులను విడిచి గదిలో నొంటరిగా నుండును. భోజనముపై కోరిక లేదు. లోక మసత్య మనును. తల్లిదండ్రులు ఇది వైరాగ్యమని సంతోషింతురు, లేదా భయపడుదురు. రెంటికిని ముందు పరీక్షింపవలెను. వైరాగ్యమున లోకముపై ఆసక్తి తగ్గును గాని మనస్సు తేలికపడును, తెలివి పదునెక్కును, ఇతరుల దుఃఖముపై దయ హెచ్చును. విషాదరోగమున అన్నిటిపై రుచి పోవును. జపముపైనను, పూజపైనను కూడ పోవును. తనపై తనకే ఏవగింపు కలుగును, నిద్ర, ఆకలి చెడును, చావుతలంపు వచ్చును. మొదటిదానిలో మనుష్యుడు బంధమును విడుచును. రెండవదానిలో జీవశక్తియే మనుష్యుని విడుచును. రెండు వారములకు మించి ఈ లక్షణములున్నచో దానిని వ్యాధిగా నెంచి వైద్యుని చూపవలెను.

పతంజలి యోగమునకు తొమ్మిది అంతరాయములు చెప్పుచు వానిలో మొదటిదిగా వ్యాధినే పేర్కొనెను. దుఃఖము, మనఃక్లేశము, అవయవముల వణకు, శ్వాస క్రమము తప్పుట వాని సహచరములనెను. వ్యాధిని దాటక యోగము లేదన్నమాట. తీవ్రమైన ఉన్మాదావస్థలో నున్నవానిని గంటలకొలది ధ్యానమునకు కూర్చుండబెట్టుట హితము కాదు. లోని కల్లోలము దానివలన హెచ్చవచ్చును. స్వస్థత చిక్కిన పిమ్మట, తగినవారి పర్యవేక్షణమున, అదే ధ్యానము రక్షకవచము కాగలదు. పలుమారు తిరుగబెట్టు విషాదరోగమును నివారించుటకు ధ్యానాభ్యాసమును మనశ్చికిత్సతో జోడించిన పద్ధతిని ముగ్గురు పాశ్చాత్య వైద్యమనస్తత్త్వవేత్తలు 2002లో ప్రకటించిరి. అది నేడు అనేక దేశముల వైద్యశాలలలో వాడుకలో నున్నది.

చరకుడు చికిత్సను మూడు విధములుగా విభజించెను: దైవమును ఆశ్రయించునది, ఆహారౌషధముల యుక్తిని ఆశ్రయించునది, అహితమైన విషయములనుండి మనస్సును మరల్చునది. మూడవదానికి సత్త్వావజయమని పేరు. ఒకటి రెండవదానిని త్రోసిపుచ్చునని ఆయన చెప్పలేదు. ప్రార్థన చేయు చేతితోనే మాత్ర మ్రింగవచ్చును.

7. కుటుంబము చేయదగినది

భారతదేశమున 2015-16లో నిమ్హాన్స్ సంస్థ పన్నెండు రాష్ట్రములలో జరిపిన జాతీయ పరిశీలనములో ఝార్ఖండ్ కూడ చేరియున్నది. పెద్దవారిలో నూటికి సుమారు 10.6 మంది ఏదో యొక మనోవ్యాధితో నున్నారని తేలెను. ఆయా వ్యాధులను బట్టి నూటికి 70 మొదలు 92 మందికి చికిత్స అందుట లేదు. వైద్యులు చాలకపోవుట ఒక కారణము. సిగ్గు మరియొక కారణము. వైద్యుల సంఖ్యను పెంచుట ప్రభుత్వముల పని. సిగ్గును తగ్గించుట ప్రతి ఇంటి పని.

అమృతసర్ మానసిక వైద్యశాలలో 1950 దశకమున డాక్టరు విద్యాసాగర్ రోగులతో పాటు బంధువులనుకూడ ఆవరణలో గుడారములలో నివసింపజేసెను. రోగికి అన్నము పెట్టుట, మందు ఇచ్చుట, ఓర్పుతో మాటలాడుట వారే నేర్చుకొనిరి. రోగి ఇల్లు చేరునప్పటికి ఇల్లే వైద్యశాలగా తయారైయుండెను. గోడలు కట్టి రోగిని దాచిన పద్ధతికి ఇది సరిగా వ్యతిరేకము.

ఈ మార్గముననే చట్టమును నడిచినది. 2001 ఆగస్టు 6వ తేదీన తమిళనాడులోని ఏర్వాడిలో సంకెలలతో కట్టబడిన 28 మంది మనోరోగులు అగ్నిప్రమాదమున దహనమైరి. 2017 నాటి మానసిక ఆరోగ్యసంరక్షణ చట్టము, 2018 మే 29 నుండి అమలులోనికి వచ్చి, మనోరోగిని గొలుసులతో బంధించుటను నిషేధించినది. మత్తుమందు ఇయ్యక విద్యుచ్చికిత్స చేయుటను నిషేధించినది. ఆత్మహత్యకు యత్నించినవాడు తీవ్రమైన మానసిక ఒత్తిడిలో నుండెనని భావించి, శిక్షకు బదులు ఆదరణ నీయవలెనని విధించినది. జంషెడ్‌పూర్‌లో "జీవన్" అను ఆత్మహత్యా నివారణ కేంద్రమును పౌరులే నెలకొల్పుకొనిరి. వచ్చినవాని మాటను తీర్పు చెప్పక వినుటయే దాని ముఖ్యమైన సేవ.

చావును గూర్చి అడిగినచో ఆ తలంపు పుట్టునని కొందరు భయపడుదురు. అది నిజము కాదు. "చనిపోవలెనని యనిపించుచున్నదా?" యని నెమ్మదిగా నడుగుట రోగికి ఊరట, దాచలేని బరువును పంచుకొనుటకు అది అనుమతి. ఔనని చెప్పినచో అతనిని ఒంటరిగా విడువరాదు; పురుగులమందు, తాడు, మాత్రలపెట్టె అందుబాటులో నుంచరాదు; అదేదినమున వైద్యుని కడకు తీసికొనిపోవలెను.

మనస్సు తనంతట తాను మంచిది గాని చెడ్డది గాని కాదు, అది పనిముట్టు. ఉక్కు కర్మాగారమున కొలిమి పగులునేమో యని ప్రతిదినము పరీక్షించు నిపుణులుందురు. పగులు కనబడినచో కొలిమిని ఎవరును తిట్టరు, బాగుచేయుదురు. ఇంటిలోని మనుష్యుని విషయమున ఆపాటి వివేకము చూపుట మనకు కష్టము కారాదు. నాలుగు దినములు మాటలాడక మూలన కూర్చున్నవాని ప్రక్కను కూర్చుండి, "నీకు బాగులేదు, రేపు డాక్టరు దగ్గరకు నేను కూడ వచ్చెదను" అని పలుకగలిగిన చాలును. చికిత్స ఆ మాటతోనే ప్రారంభమగును.